కుబుసం తునకలు తునకలుగా ఊడుతోంది: ఇంట్లోనే తేమ పెట్టె చేసుకోవచ్చా?

శారద_మిన్నెసోటా · జనవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. మా చిన్నాకు పన్నెండేళ్లు. ఏడాదిపాటు నా ప్రాణం తోడి, కిందటి ఆగస్టులో ఒక బాల్ పైథాన్ (ఆఫ్రికా కొండచిలువ) పిల్లను ఇంటికి తెప్పించుకున్నాడు. పేరు బుజ్జమ్మ. వచ్చిన రెండు వారాలకే కుబుసం విడిచింది, మూతి నుంచి తోక దాకా ఒక్క ముక్కగా. వాడు దాన్ని నెమలీకలా పుస్తకంలో దాచుకున్నాడు.

చలికాలం మొదలైనప్పటి నుంచీ కథ మారింది. నవంబరులో రెండు ముక్కలు. ఈ వారం మరీ ఘోరం, ఉల్లిపొరల్లా చిన్న చిన్న తునకలు. మెడ దగ్గర ఒక పట్టీ, తోక చివర ఉంగరంలా ఒక చుట్టు ఇంకా అంటుకునే ఉన్నాయి. కుడి కన్ను ఎడమ కన్నులా మెరవడం లేదు, ముడతపడిన పొర కనిపిస్తోంది.

75 లీటర్ల గాజుతొట్టె. పైన జాలీ మూత, దాని మీద వేడి దీపం. కింద కొబ్బరి పొట్టు. లోపల గుండ్రటి ముల్లు మీటరు తేమ 55 శాతం అని చూపిస్తోంది, అది చెడ్డ అంకె కాదని చదివాను. మరి ఎందుకిలా?

దుకాణంలో తేమ గూడు అని ఒక ప్లాస్టిక్ బండరాయి చూపించి నలభై డాలర్లు అడిగారు. తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్న మా అమ్మ అది విని, "పాముకు పాలు పోసి పెంచడం విన్నాను, డాలర్లు పోసి పెంచడం ఇప్పుడే చూస్తున్నా" అంది. ఇంట్లోనే చేసుకునే మార్గం ఉంటే చెప్పండి.

---

పుట్ట_వాస్తు · జనవరి 9, రాత్రి 10:25

శారద గారూ, స్వాగతం. డాలస్‌లో పదకొండేళ్లుగా బాల్ పైథాన్లు పెంచుతున్నాను. పెట్టె సంగతి తర్వాత, ముందు ఈ రాత్రి చేయాల్సింది చెబుతాను.

కన్ను ముట్టుకోకండి. పట్టకారుతో గానీ గోటితో గానీ ఆ పొరను లాగవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. పాముకు రెప్పలు ఉండవు. కంటి మీద కళ్లద్దంలాంటి పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది, కుబుసంతో పాటు దాని పైపొర కూడా ఊడాలి. ఊడని పొర అనుకుని లాగితే అసలు పొలుసే చిరిగిపోవచ్చు. అదొక్కటీ ఉండిపోతే కంగారు లేదు, చాలాసార్లు వచ్చే కుబుసంతో అదే పోతుంది.

ఆలస్యం చేయకూడనిది తోక దగ్గర. అక్కడ ఉంగరంలా మిగిలిన పొర ఎండి బిగుసుకుంటుంది, రక్తం ఆడదు. రెండు మూడు కుబుసాలు అలాగే పేరుకుంటే తోక కొస నల్లబడి రాలిపోతుంది. ఒక డబ్బాలో 30 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లు, పాము మందంలో సగం మునిగేంత పోయండి. ఇరవై నిమిషాలు పక్కనే కూర్చోండి, వదిలి వెళ్లవద్దు. తర్వాత తడి తువ్వాలు చేతిలో వదులుగా పట్టుకుని అందులోంచి పాకనివ్వండి. గుడ్డ గరుకుకు పొర దానంతటదే వస్తుంది.

ఆ ముల్లు మీటరు మాట మాత్రం నేను నమ్మను. ఉప్పు పరీక్ష చేశారా?

---

ఎర్రబస్సు · జనవరి 9, రాత్రి 11:02

మిన్నెసోటాలో జనవరిలో ఎండిపోయేది పాము ఒక్కటేనా? నా మడమలు చూస్తే మీరు రెండో అంశం తెరుస్తారు.

అమాయకంగా అడుగుతున్నాను, రోజుకు మూడుసార్లు నీళ్లు పిచికారీ చేస్తే సరిపోదా? పెట్టె ఎందుకు?

---

తడిపొడి · జనవరి 10, ఉదయం 7:15

ఎర్రబస్సు గారూ, ఆ పని చేసినవాణ్ని నేనే. కొలరాడోలో ఉంటాను, ఇక్కడ గాలి అప్పడాలు ఆరబెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మొదటి శీతాకాలం పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పిచికారీ కొట్టాను. కొట్టిన పావుగంట మీటరు ఎనభై చూపేది, రెండు గంటలకు మళ్లీ ముప్పై. పైగాలి మాత్రం ఎండిపోయేది, కింద పొట్టు బురదగా మిగిలేది. పాము పడుకునేది గాలిలో కాదు కదా, ఆ బురదలోనే.

నెల తిరిగేసరికి పొట్ట పొలుసుల మీద చెమటకాయల్లా బుడిపెలు వచ్చాయి. పొట్ట ఎత్తి చూసే అలవాటు లేక పదిరోజులు ఆలస్యంగా గమనించాను. వైద్యుడి దగ్గరికి నాలుగుసార్లు తిరిగాను. రెండు నెలలు ఉత్త కాగితం తువ్వాళ్ల మీదే ఉంచాను. తడి వేరు, తేమ వేరు అని నాకు ఆ బిల్లులు చూశాక తెలిసింది.

---

గేదెల_డాక్టరు · జనవరి 10, మధ్యాహ్నం 1:30

గుంటూరు జిల్లాలో పశువైద్యురాలిని. నా దగ్గరికి వచ్చేవి గేదెలు, మేకలు, అప్పుడప్పుడు ఒక కుక్క. పాముకు వైద్యం చేసిన అనుభవం లేదు కాబట్టి మందుల జోలికి పోను. కుబుసం ఎలా ఊడుతుందో మాత్రం చెప్పగలను.

పాత చర్మం కింద కొత్త చర్మం పూర్తిగా తయారయ్యాక, రెండింటి మధ్యకు శోషరసం, దానితోపాటు ఎంజైములు చేరి రెంటినీ విడదీస్తాయి. కళ్లు పాలనీలంగా మారేది అప్పుడే, కంటి పొలుసు కింద కూడా ఆ ద్రవం చేరుతుంది. కొన్నాళ్లకు కళ్లు మళ్లీ తేటపడతాయి. ఆ తర్వాత సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో పాము మూతిని దేనికో రుద్ది కుబుసం మొదలుపెడుతుంది. ఈలోగా చుట్టూ గాలి పొడిగా ఉంటే పాతపొర సాగే గుణం పోగొట్టుకుని, పెళుసుబారి, కొత్త చర్మానికి అంటుకుపోతుంది. అన్నం గిన్నెకు అంటుకున్న మెతుకును వెంటనే తీస్తే వస్తుంది, ఎండాక గీకాల్సిందే. అదే లెక్క.

కాబట్టి కళ్లు నీలంగా మారిన రోజునుంచే తేమ కావాలి. ముక్కలు ఊడాక కాదు.

---

శారద_మిన్నెసోటా · జనవరి 11, ఉదయం 8:05

అందరికీ ధన్యవాదాలు. మెడ పట్టీ, తోక ఉంగరం రెండూ తువ్వాలుకే వచ్చేశాయి. కన్ను అలాగే ఉంది, ముట్టుకోలేదు.

ఉప్పు పరీక్ష అంటే వెతికి చేశాం. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ సంచిలో పెట్టి రాత్రంతా ఉంచాం. తడి ఉప్పు దగ్గర గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుందట. పొద్దున మా మీటరు 94 చూపించింది! వెంటనే చిన్న డిజిటల్ మీటరు కొని, దాన్నీ ఉప్పులో పెట్టి చూశాం, 76. దాన్ని తొట్టెలో పెడితే 34. బుజ్జమ్మ నాలుగు నెలలుగా ఎడారిలో ఉంది, నేను 55 చూసి నిశ్చింతగా ఉన్నాను.

---

పుట్ట_వాస్తు · జనవరి 11, ఉదయం 9:50

అనుకున్నదే. మీ ఇంటి తప్పు కూడా కాదు. సున్నా డిగ్రీల చలిలో నిండుగా తేమ ఉన్న గాలిని ఇంట్లోకి తెచ్చి 22 డిగ్రీలకు వేడి చేస్తే దాని సాపేక్ష తేమ 23 శాతానికి పడిపోతుంది. నీటి ఆవిరి ఎక్కడికీ పోలేదు, వెచ్చటి గాలి పట్టగల ఆవిరి పెరిగింది, అంతే. మీ ఊళ్లో సున్నా అంటే వెచ్చటి రోజు! దానికితోడు జాలీ మూత మీద దీపం. పొయ్యి మీద పొగగొట్టంలా అది తేమనంతా పైకి లాగేస్తుంది. దీపం ఉన్నచోటు, గాలికి కొంచెం జాగా వదిలి జాలీలో మూడొంతులు అల్యూమినియం ఫాయిల్‌తో కప్పేయండి. దీపానికి ఫాయిల్ తగలకూడదు. నీళ్ల గిన్నె పెద్దది పెట్టి వెచ్చటి వైపుకు జరపండి. ఇంతమాత్రానికే యాభై దాటుతుంది.

ఇక పెట్టె.

బాల్ పైథాన్ పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూములు. పైన నేల నెర్రెలు విచ్చినా అది పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుంటుంది. మన పుట్ట సంగతి మనకు తెలియనిదా? కట్టేది చెదపురుగులు, కాపురం పాముది. ఎండాకాలంలో కూడా పుట్ట లోపల మట్టి చల్లగా, చెమ్మగా ఉంటుంది. మనం చేసేది ఆ పుట్టనే, ప్లాస్టిక్‌తో. తొట్టె మొత్తాన్ని వర్షాకాలం చేయక్కర్లేదు. ఒక మూల చెమ్మ ఉంచి, పోవడమా మానడమా అన్నది పాముకు వదిలేయడం.

డబ్బా: బుజ్జమ్మ చుట్టలు చుట్టుకుంటే ఒళ్లు మూడు వైపులా గోడలకు తగలాలి, పాముకు ఇరుకే భద్రత. దాని వయసుకు అయిదారు లీటర్ల చెప్పుల డబ్బా చాలు. లోపలికి కనిపించనిదైతే మంచిది. అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న ప్లాస్టిక్ తీసుకోండి, వంగుతుంది. తళతళలాడే గట్టి పారదర్శక డబ్బా కత్తి పెట్టగానే పగులుతుంది.

కన్నం: మూతకు కాదు, పక్కగోడకు, అడుగునుంచి నాలుగు వేళ్ల ఎత్తులో. లేకపోతే పాము వచ్చిపోయిన ప్రతిసారీ లోపల పరిచే తడి నాచు బయట పడుతుంది. వెడల్పు పాము లావుకు ఒకటిన్నర రెట్లు, మేత మింగిన రోజు లావును లెక్కపెట్టుకోండి. ఒకటే కన్నం చేయండి. గాలి కోసమని పక్కపక్కన రెండు ఇరుకు కన్నాలు చేస్తే ఒకదాంట్లోంచి వచ్చి రెండోదాంట్లో దూరి ఎనిమిది అంకెలా ఇరుక్కుంటుంది. అలా ఇరుక్కున్నదాన్ని డబ్బా కోసి తీయాల్సి వచ్చింది నాకు ఒకసారి. అంచును గరుకు కాగితంతో రుద్ది, మీ పెదవి మీద ఆనించి చూడండి. గీసుకుంటే ఇంకా రుద్దాలి.

లోపల: పొడవాటి పోగులున్న స్ఫాగ్నమ్ నాచు, ఆర్కిడ్ కుండీలకు వాడేది. ఎరువు కలపనిది చూసుకోండి. ఎండు బరువుకు ఇరవై రెట్ల దాకా నీరు పట్టగలదు, అందుకే అది. ఎండు నాచు దులిపేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. అందులో ఉండే ఒక బూజు గోటి దగ్గరి పుండులోంచి మనకు అంటుకోవచ్చు.

---

ఎర్రబస్సు · జనవరి 11, ఉదయం 10:20

పదిమంది చేరితే పాము చావదంటారు. ఇక్కడ పదిమంది చేరి బతికిస్తున్నారు. కానివ్వండి.

---

శారద_మిన్నెసోటా · జనవరి 12, రాత్రి 8:30

మా అమ్మ సందేహం ఒకటి. ప్లాస్టిక్ ఎందుకు, చిన్న మట్టికుండ నీళ్లలో నానబెట్టి బోర్లించి, అంచు కొంచెం పగలగొడితే పుట్ట కాదా అంటోంది. ఆవిడ ఎండాకాలమంతా కూజా నీళ్లు తాగి పెరిగిన మనిషి. నాకు జవాబు తెలియలేదు.

---

మెల్‌బోర్న్_మురళి · జనవరి 13, ఉదయం 5:10

అమ్మగారికి నమస్కారాలు. ఇక్కడ విదేశీ పాములు పెంచనివ్వరు. లైసెన్సు తీసుకుని ఈ దేశపు కార్పెట్ పైథాన్ పెంచుతున్నాను. నేను వాడేది సరిగ్గా ఆవిడ చెప్పినదే, మెరుగు పూయని మట్టికుండీ. పనిచేస్తుంది.

అయితే కూజాలో నీళ్లు చల్లబడేది ఎలాగో ఆవిడకు నాకంటే బాగా తెలుసు. చెమ్మ ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఇక్కడా అంతే, తడికుండ లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చల్లటి తేమ పాము ఊపిరితిత్తులకు మంచిది కాదు. అందుకని కుండను చల్లటి వైపు పెట్టకూడదు, వెచ్చటి వైపుకో మధ్యకో జరపాలి. పగిలిన అంచును గచ్చు మీద నున్నగా అరగదీయాలి. ఒక రోజు నానబెడితే రెండు రోజులు వస్తుంది, మీ చలిలో ఒక్కరోజే రావచ్చు. నాచు పెట్టెతో అంత చాకిరీ లేదు.

---

పుట్ట_వాస్తు · జనవరి 13, ఉదయం 8:45

మురళి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ప్లాస్టిక్ పెట్టెకూ అదే సూత్రం, తొట్టె అడుగు కింద వేడి పలక ఉంటే సగం దాని మీద, సగం బయట. పలకకు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి. వెచ్చటి చోటు 31–32, చల్లటి వైపు 25 దగ్గర ఉంచండి.

---

సాగరతీరం · జనవరి 13, రాత్రి 9:15

విశాఖ నుంచి. మా ఊళ్లో తేమకు కొదవ లేదు, పెట్టెతో పని లేకుండానే పెంచవచ్చేమో! కొండచిలువ పిల్లలు మా శివారులో కనిపిస్తూనే ఉంటాయి. ఒకటి తెచ్చి పెంచుకోవచ్చా?

---

నిర్వాహకుడు · జనవరి 13, రాత్రి 9:40

వద్దు. మన దేశపు కొండచిలువను పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రెండుతలల పాము పేరుతో జరిగే అమ్మకాలు కూడా నేరమే. బాల్ పైథాన్ లాంటి, అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం (సైటిస్) జాబితాలో ఉన్న విదేశీ జీవుల విషయంలో ఆ చట్టానికి 2022 సవరణ, 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేని పామును కొనవద్దు. ఈ అంశం మీద ఇంకా మాట్లాడాలంటే వేరే చర్చ తెరవండి, ఇది పెట్టె చర్చ.

---

శారద_మిన్నెసోటా · జనవరి 18, సాయంత్రం 6:20

పెట్టె తయారైంది. మొదటి డబ్బా మూడు ముక్కలైంది. అయిదు అంకె చూడమని మీరు చెప్పినా, ఇంట్లో ఉన్న బిస్కెట్ల డబ్బాతో కానిద్దామని నేనే తొందరపడ్డాను. రెండోది ఇడ్లీపిండి పులియబెట్టే తెల్ల డబ్బా, అమ్మ దానం చేసింది. చిన్నా వాళ్ల నాన్న గరాజు తలుపు తెరిచి పెట్టి, టంకం కడ్డీతో కన్నం చుట్టూ కరిగించారు. ఆ పొగ ఘాటు, ఇంట్లో చేయకండి. గరుకు కాగితంతో రుద్దడం చిన్నా పని, పెదవి పరీక్ష కూడా వాడిదే.

నాచు పిండడం మాత్రం మాకు కుదరలేదు. నేను పిండితే అడుగున నీళ్లు నిలిచాయి. వాళ్ల నాన్న పిండితే మర్నాటికి గడ్డివాములా ఎండింది. అమ్మ విసుక్కుని గిన్నె లాక్కుంది. మినప్పప్పు కడిగి వాడ్చినంత సునాయాసంగా పిండి, పోగులు విడదీసి పొడిపొడిగా వేసింది. పెట్టె లోపల మీటరు 88. తొట్టెలో 52.

బుజ్జమ్మ రెండు రోజులు దాని చుట్టూ తిరిగి నాలుక ఆడించి వెళ్లిపోయింది. మూడో రాత్రి లోపలికి వెళ్లింది. అప్పటినుంచి బయటికి రావడం లేదు! నచ్చిందనుకోవచ్చా?

---

తడిపొడి · జనవరి 18, రాత్రి 7:00

సంతోషించే ముందు ఒక్క ప్రశ్న. దాక్కోవడానికి తొట్టెలో ఇంకేం ఉంది?

---

శారద_మిన్నెసోటా · జనవరి 18, రాత్రి 7:12

ఇంతకుముందు ఒక చెక్క గుహ ఉండేది. పెట్టెకు చోటు చాలక తీసేశాం.

---

తడిపొడి · జనవరి 18, రాత్రి 7:30

అదే భయపడ్డాను. అది తేమ కోసం కాదు, దాక్కునే చోటు అదొక్కటే అయినందుకు అక్కడ ఉంది. ఇలా వారాలు గడిస్తే నా పాము పొట్టకు పట్టిన గతే. పొడి గూడు ఒకటి వెచ్చటి వైపు, ఒకటి చల్లటి వైపు వెంటనే పెట్టండి. అట్టపెట్టె బోర్లించినా చాలు. అప్పుడు కూడా పెట్టె వదలకపోతే రెండు అనుమానాలు. తొట్టె ఇంకా పొడిగా ఉందా, లేక ఒంటి మీద గోమార్లు ఉన్నాయా. గవద కింద, కళ్ల అంచున ఆవగింజ కంటే చిన్న నల్లచుక్కలు కదులుతున్నాయేమో చూడండి. తెల్ల కాగితం తువ్వాలుతో ఒళ్లు తుడిచినా తెలుస్తుంది.

---

శారద_మిన్నెసోటా · జనవరి 21, ఉదయం 7:50

చెప్పుల అట్టపెట్టెలు రెండు పెట్టాం. అదే రాత్రి పొడిదానిలోకి మారింది. తువ్వాలు మీద చుక్కలు లేవు. పొట్ట ఎత్తి చూశాం, నున్నగా ఉంది. ఆదివారం పొట్ట చూసే రోజు అని చిన్నా క్యాలెండరు మీద రాసుకున్నాడు.

---

ఎర్రబస్సు · ఫిబ్రవరి 2, రాత్రి 10:10

నాచు ఎన్నాళ్లకు మార్చాలో ఎవరూ చెప్పలేదు. పాములు లేనివాణ్ని, అయినా నిద్ర పట్టడం లేదు.

---

పుట్ట_వాస్తు · ఫిబ్రవరి 2, రాత్రి 10:45

రోజు విడిచి రోజు చెయ్యి పెట్టి చూడాలి, వారానికోసారి ముక్కు పెట్టి చూడాలి. అడవి నేల వాసన వస్తే మంచిది. పులిసిన వాసన వస్తే, బూజు కనిపిస్తే, పాము లోపల మలం వేస్తే మొత్తం తీసి పారేసి డబ్బా వేడినీళ్లతో కడగండి. ఏ తేడా లేకపోయినా నేను మూడు వారాలకు మారుస్తాను. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి, పాముల దగ్గర సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి ఉంటుంది. డబ్బాను వంటింటి తొట్టిలో కడగకండి. ఆ ఇడ్లీపిండి డబ్బా మళ్లీ వంటింట్లోకి రాకూడదని అమ్మగారికి చెప్పండి.

---

శారద_మిన్నెసోటా · ఫిబ్రవరి 19, ఉదయం 6:55

ఫిబ్రవరి 9న కళ్లు నీలంగా మారాయి. ఆ రాత్రే పెట్టెలోకి వెళ్లింది, ఎవరూ చెప్పకుండానే. మేత ఆపాం, పట్టుకోవడం మానేశాం. 15న కళ్లు తేటపడ్డాయి. నిన్న రాత్రి నాచులో కరకరమని చప్పుడైందని చిన్నా లేచి కూర్చున్నాడు. పొద్దున చూస్తే కన్నం అంచుకు మూతి దగ్గర తగులుకుని, తిరగేసిన మేజోడులా, తోక కొస దాకా ఒక్క ముక్క! దీపం కింద పరిచి చూశాం. రెండు కంటి పొరలూ ఉన్నాయి. కుడివైపు దాని మీద పాతది కూడా అంటుకుని రెండు పొరలుగా వచ్చింది. బుజ్జమ్మ కుడి కన్ను ఇప్పుడు ఎడమ కన్నులాగే నల్లగా మెరుస్తోంది.

కుబుసం కొలిస్తే 104 సెంటీమీటర్లు. మీటరు దాటిందని చిన్నా బడిలో చెప్పుకుంటానంటున్నాడు.

---

గేదెల_డాక్టరు · ఫిబ్రవరి 19, ఉదయం 11:20

చాలా సంతోషం. బడికి వెళ్లేలోగా వాడికి ఒక మాట. పొలుసుల మధ్య మడతలు కూడా విప్పుకుని సాగుతాయి కాబట్టి కుబుసం ఎప్పుడూ పాముకంటే పొడుగే. తొట్టె అంచు వెంట పాకుతున్నప్పుడు దారం పట్టి కొలవమనండి.

---

శారద_మిన్నెసోటా · ఫిబ్రవరి 20, రాత్రి 8:15

దారం కొలత 86. నోటు పుస్తకంలో 104 కొట్టేసి, కొట్టివేత కనిపించకుండా దాని మీద కుబుసం ముక్క అంటించాడు.

అమ్మ మార్చి మొదటి వారంలో తెనాలి వెళ్లిపోతోంది. ఈ సాయంత్రం కొత్త నాచు నానబెట్టి వాడి చేత పిండిస్తోంది. చుక్క రాలకూడదట, చెయ్యి మాత్రం తడవాలట. ఇప్పటికి నాలుగుసార్లు మళ్లీ నానబెట్టించింది.